తిరుగుడు పెట్టెలో సీసా

తోర్రెసెకా,
1991 జనవరి 27

మహా గౌరవనీయులు, పూర్వాశ్రమంలో మా ఒరోసియా అక్క, ప్రస్తుతం సిస్టర్ బెనితా గారి సన్నిధికి,

ముందుగా ఈ కవరు విప్పి చదువుతున్న మదర్ గారికి నమస్కారాలు. మదర్, ఈ ఉత్తరంలో మా నాన్న తిట్టు ఒకటుంది. దాని చోట చుక్కలు పెట్టాను. చుక్కల వెనక ఏముందో ఊహించవద్దని మనవి. ఊహిస్తే ఆ పాపం నా ఖాతాలో పడదు.

అక్కా, నీ తమ్ముడు వైన్ తయారీ శాస్త్రంలో పట్టా పుచ్చుకుని సరగోసా నుంచి విజయవంతంగా ఇంటికి చేరాడు. ఊరేగింపు జరగలేదు. నాన్న ఆ పట్టాని అటూ ఇటూ తిప్పి, వెలుతురుకి పట్టి చూసి, "దీని మీద సంతకం పెట్టిన ... ఎప్పుడైనా ద్రాక్ష కోశాడా?" అని అడిగాడు. కోసి ఉండడని ఒప్పుకున్నాను. పట్టా ఇప్పుడు సాసేజీలు వేలాడదీసే గదిలో మేకుకి ఉంది. వాసన చక్కగా పడుతోంది.

మన కొండ పొలంలో ముత్తాత నాటిన గర్నాచా ద్రాక్ష మోళ్ళకి ఈ ఏడు కత్తిరింపు నేనే చేస్తున్నాను. తొంభై అయిదేళ్ళ మోడు ముందు మోకాళ్ళ మీద కూచుంటే, పెద్దల ముందు మౌఖిక పరీక్షకి కూచున్నట్టే ఉంది. నాన్న గట్టు మీద కోటు కప్పుకుని కూచుని వ్యాఖ్యానం చెప్తున్నాడు.

"ఏరా, కత్తిరిస్తున్నావా, పరీక్ష రాస్తున్నావా?"

"ఆలోచించి కోస్తున్నా నాన్నా."

"మోడు ఎప్పుడో ఆలోచించేసుకుంది. అది చెప్పింది విను, చాలు. ఆవిడైతే ఈపాటికి వరస ముగించి అన్నం మూట విప్పేది."

ఆవిడ అంటే నువ్వే. ఏడేళ్ళయినా మన ఇంట్లో నీకు పేరు తిరిగి రాలేదు. "తోట నీ చేతిలో పెడదామనుకుంటే నువ్వు మఠంలో చేరతావా, చేరు, మళ్ళీ ఈ గడప తొక్కకు" అన్న నోరు కదా, దానికి పేరు పలకడం కష్టమే. కానీ రోజుకి నాలుగుసార్లు "ఆవిడైతే" అంటాడు. నేను లెక్క పెడుతున్నాను.

నేనూ ఊరికే లేను. ఒక మోడు నుంచి నేల మీదుగా పాకి పక్క మోడు దగ్గర మట్టిలో దూరిన ముసలి కొమ్మలు కాళ్ళకి అడ్డం పడుతుంటే, రంపంతో కోసి శుభ్రం చేశాను. ఇప్పుడు వరసల మధ్య బిషప్ గారు పట్టు చెప్పులతో నడవొచ్చు.

నాన్నకి కొంచెం దగ్గు. సియెర్సో చలిగాలి.

నీ తమ్ముడు,
మిల్యాన్, పట్టభద్రుడు


మఠం, తరసోనా,
ఫిబ్రవరి 9

తమ్ముడికి,

మదర్ గారు నీ ఉత్తరం చదివి, చుక్కల దగ్గర ఆగి, "మీ నాన్నగారు మంచి కంఠం ఉన్న మనిషిలా ఉన్నారే" అన్నారు. నవ్వు ఆపుకోవడానికి నేను చెప్పులు సర్దుకున్నాను.

తర్వాత రంపం సంగతి చదివాను. నవ్వు పోయింది.

నువ్వు కోసింది ఏ వరసల్లో? పైనుంచి మూడో వరసలో, రాతి పాక పక్కన కూడానా? అవి పాత కొమ్మలు కావు మిల్యాన్, నేల అంట్లు. ఒక మోడు చచ్చిపోతే దాని చోటు నింపడానికి పక్క మోడు కొమ్మని వంచి, మట్టిలో పాతి, కొస బయటికి తీస్తాం. అది అక్కడ వేరు పోసుకుంటుంది, కాయ కాస్తుంది, మనిషంత వయసొస్తుంది. అయినా తల్లి నుంచి కోయకూడదు. తల్లి మోడుకి కింద ఉన్నది అమెరికా నుంచి తెచ్చిన గట్టి వేరు. పిల్లకి ఉన్నది సొంత వేరు. మన మట్టిలో వేరుపురుగు ఇంకా ఉంది, అది సొంత వేరుని తినేస్తుంది. అంటు బతికేది తల్లి పాల మీదే. ఇదంతా మీ కాలేజీలో చెప్పలేదా, చెప్పిన రోజు నువ్వు వెళ్ళలేదా?

మూడో వరసలోది నేను పెట్టిన అంటు. అమ్మ పోయిన శీతాకాలం, నాకు పదకొండేళ్ళు. నాన్న గొయ్యి తవ్వి, కొమ్మ నాచేత వంపించి, "దీనికి ఎప్పటికీ పాలు మాన్పించకూడదే" అన్నాడు.

దగ్గు గురించి రెండు ముక్కలు రాశావు. ఇంత చిన్న వాక్యాలు నువ్వెప్పుడూ రాయవు. అసలు సంగతి రాయి.

అక్క


తోర్రెసెకా,
ఏప్రిల్ 21

అక్కా,

మూడో వరసే. రాతి పాక పక్కదే. కాలేజీలో చెప్పారు, నేను వెళ్ళాను కూడా, ఆ ప్రశ్నకి పూర్తి మార్కులు వచ్చాయి. పుస్తకంలో నేల అంటుకి చక్కటి బొమ్మ ఉంది, బాణం గుర్తులతో. పొలంలో బాణం గుర్తులు లేవు. నీ తమ్ముడి చదువు కథ ఇంతే.

అంటు చిగురించింది. కింద నిలవ ఉన్న తిండితో చిగురిస్తోందని నాకు తెలుసు. నాన్నకి చెప్పలేదు. నువ్వూ చెప్పకు. నువ్వెలాగూ చెప్పలేవనుకో, మీ ఇద్దరికీ మాటల్లేకపోవడం వల్ల నాకు జరిగిన ఒకే ఒక మేలు ఇది.

దగ్గు గాలి వల్ల కాదు. మార్చిలో సరగోసా ఆసుపత్రికి తీసుకెళ్ళాను. ఊపిరితిత్తుల్లో గడ్డ. డాక్టరు నన్ను వసారాలోకి పిలిచి, ద్రాక్షకోత చూస్తాడు, వచ్చే ఏడు కత్తిరింపు చూడడు అన్నాడు. రైతు కొడుకట, అందుకే కేలెండర్ మన భాషలోనే చెప్పాడు.

నాన్నకి తెలుసు. తిరుగు ప్రయాణంలో, "పొరుగు ఫెర్మిన్ తన గర్నాచా మొత్తం పెరికించేస్తున్నాడురా. పెరికితే యూరప్ సంఘం వాళ్ళు డబ్బిస్తారంట. ట్రాక్టరు పెరుకుతుంటే వేళ్ళు ఒక్కొక్కటీ తెగిన చప్పుడు నా గదిలోకి వినిపిస్తోంది. నేను పోయేదాకా మన కొండ మీదికి ట్రాక్టరు రానీయకు" అన్నాడు. తర్వాత చాలాసేపటికి, "ఆవిడ రానిచ్చేది కాదు" అన్నాడు.

నువ్వు రాగలవా?

మిల్యాన్


మఠం, తరసోనా,
మే 6

తమ్ముడికి,

మదర్ గారిని అడిగాను. ఆవిడ కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. తండ్రి జబ్బుతో ఉంటే రెండు రోజులు పంపడానికి అభ్యంతరం లేదట. ఒక్కటే షరతు. పిలుపు నాన్న నోటి నుంచి రావాలి. నేను నాన్న మాట కాదని వచ్చినదాన్ని. నిన్ను గడపలో నిలబెట్టి వెనక్కి పంపితే ఆ మరణం అలాగే గడపలో మిగిలిపోతుంది, మీ ఇద్దరికీ, అన్నారు. నాకూ అదే సబబనిపించింది. సబబనిపించిందని రాస్తున్నాను గానీ, మిల్యాన్, నిజం చెప్పనా, నాకూ నాన్న పిలవాలనే ఉంది. ఒక్కసారి "రా" అనాలని.

పిలిచాడని నువ్వు అల్లి రాయకు. చిన్నప్పుడు నా పేరుతో టీచరుకి సెలవు చీటీ రాసిన చెయ్యి నీది. అమ్మ మీద ఒట్టు పెట్టి రాయి, అల్లనని.

నాన్నకి మీగాస్ వేయించేటప్పుడు రొట్టె ముక్కలు ముందురోజు రాత్రే తడపాలి. పొద్దున తడిపితే ముద్దవుతుంది. ద్రాక్షపళ్ళు చివర్లో వెయ్యి.

అక్క


తోర్రెసెకా,
అక్టోబరు 2

అక్కా,

అమ్మ మీద ఒట్టు, అల్లను. ఈ వాక్యం రాయడానికి అయిదు నెలలు పట్టింది. ఈలోపు నిజంగా పిలుస్తాడేమోనని చూశాను.

నేను చేయని ప్రయత్నం లేదు. మీగాస్ నువ్వు చెప్పినట్టే చేశాను. రెండో ముద్ద మింగి, "రొట్టె రాత్రే తడిపావా?" అన్నాడు. అవునన్నాను. "ఎవరు చెప్పారు?" "మన బంధువుల్లో ఒకావిడ." ఇంకో ముద్ద తిన్నాడు. "ఆ బంధువుకి జ్ఞాపకశక్తి ఎక్కువే" అన్నాడు. అప్పుడే అడిగాను, పిలవమంటావా అని.

"నేను పంపితే వెళ్ళిందా, నేను పిలిస్తే రావడానికి?"

"నువ్వు పిలిస్తే పంపిస్తామంటున్నారు నాన్నా."

"రావాలనుంటే రావాలనుందని అనమను. దానికీ నోరుందిగా. నా నోరే పెట్టాను దానికి."

నీ అంటు జూలైలో ఎర్రబడింది. ఆగస్టులో ఆకు రాలింది. నేను అటువైపు వరసకి నాన్నని తీసుకెళ్ళకుండా రోజుకో అబద్ధం చెప్పాను. ఒక రోజు పాము ఉందన్నాను. కోత మొదటి రోజు నా భుజం పట్టుకుని తిన్నగా అక్కడికే నడిపించాడు. మోడు మీద చెయ్యి వేసి, "ఫిబ్రవరిలోనే చూశాన్రా. రంపపు కోత ఎర్రగా ఉంది. చెప్తే కుమిలిపోతావని ఊరుకున్నా" అన్నాడు. నేను ఏడ్చాను. పట్టభద్రుడు ఏడిస్తే ఎలా ఉంటుందో కూలీలందరూ చూశారు. "ఊరుకోరా. కోసేస్తే బతకవని చెప్పి పెంచాను గానీ, కోసుకుని వెళ్ళి బతికినవీ ఉన్నాయి" అన్నాడు.

ఆ మాట నీకు చేరవేయమన్నాడో లేదో తెలీదు. చేరవేస్తున్నాను. ఇది అల్లింది కాదు.

ఇంకో సంగతి. ఈ ఏడు కొండ పొలం కాయ సహకార సంఘానికి పోయలేదు. అక్కడ మన ముసలి మోళ్ళ రసాన్ని ఊరందరి రసంలో కలిపేసి, రంగు తక్కువని మొహం చిట్లిస్తారు. నాన్న పాత రాతి తొట్టి కడిగించి విడిగా తొక్కించాడు. ఒక్కో మోడుకి ఎంతనుకున్నావు, కిలో కూడా లేదు. చిన్న చిన్న గుత్తులు, నల్లగా. తొట్టి అంచున కుర్చీ వేసుకుని తొక్కేవాళ్ళని తిట్టాడు. రోజూ గరిటెడు తీసి రుచి చూసి ఉమ్మేస్తున్నాడు. నిన్న ఉమ్మలేదు.

"ఎలా ఉంది?" అన్నాను.

"గర్నాచా రా ఇది. గ్లాసులో చూస్తే పల్చన. అది చూసే వ్యాపారులు మోసపోతారు. కడుపులోకి దిగాక చెప్తుంది ఎవరింటి పిల్లో."

ఎవరికోసం విడిగా చేయిస్తున్నావని అడిగాను. గరిటె కడిగి మేకుకి తగిలించాడు.

మిల్యాన్


మఠం, తరసోనా,
అక్టోబరు 20

తమ్ముడికి,

నీ ఉత్తరం అందింది. అందరం క్షేమం. ఈ నెల నాకు ద్వారం దగ్గర పని ఇచ్చారు. వచ్చినవాళ్ళకి బదులు చెప్పడం, ఇచ్చినవి తీసుకోవడం.

నాన్న ఇల్లు కదులుతున్నాడా? కారులో తిప్పుతున్నావా? చలి మొదలైంది, దూరాలు తీసుకెళ్ళకు.

నా గురించి ఏమైనా అన్నాడా?

అక్క


తోర్రెసెకా,
నవంబరు 8

అక్కా,

టెలిగ్రాం అందే ఉంటుంది. సోమవారం తెల్లవారాక పోయాడు. నిద్రలో కాదు, అబద్ధం చెప్పను. ఊపిరి కోసం చాలా కష్టపడ్డాడు. శుక్రవారం నుంచి మాట లేదు.

మోసింది నేను, ఫెర్మిన్, ఇద్దరు కూలీలు. ఫెర్మిన్ దారంతా ఏడ్చి, స్మశానం గేటు దగ్గర "పొలం పెరికించిన దగ్గర్నుంచి మీ నాన్న నాతో మాట్లాడలేదురా" అన్నాడు. మాట్లాడని వాళ్ళ జాబితా మన నాన్నకి చాలా పెద్దది. ఇంతకంటే జోకు రావడం లేదు.

నీకు చెప్పాల్సింది ఒకటుంది. అక్టోబరు పద్దెనిమిదిన నాన్న తరసోనా వచ్చాడు. పంపు భాగం కొనాలి పద అని నన్ను లేపాడు. చౌకులో నన్ను కారులోనే కూచోమని, కోటు లోపల ఏదో దాచుకుని, చేతికర్ర పట్టుకుని వెళ్ళాడు. అరగంటకి వచ్చాడు. పంపు భాగం లేదు, కోటు లోపలిదీ లేదు. దారంతా ఏమీ మాట్లాడలేదు.

మీ దగ్గరికి ఎవరైనా వచ్చారా అక్కా?

మిల్యాన్


మఠం, తరసోనా,
నవంబరు 17

మిల్యాన్,

మదర్ గారు ఈ ఉత్తరం చదవనన్నారు. అంటించి ఇవ్వు, నేనే పోస్టు చేయిస్తాను అన్నారు. ఏడేళ్ళలో ఇదే మొదటిసారి.

వచ్చాడు. ద్వారం దగ్గర నేనే ఉన్నాను.

నువ్వు చూశావుగా, గోడలో చెక్క తిరుగుడు పెట్టె ఉంటుంది. బయటివాళ్ళు అందులో పెట్టి గంట కొడతారు, మేము తిప్పుకుంటాం. మనిషి మనిషికి కనపడరు. గంట మోగితే మేము లోపలి నుంచి "పరిశుద్ధ మరియా" అంటాం. "పాపం సోకని తల్లి" అని బదులు రావాలి. ఆ రోజు బదులు రాలేదు. దగ్గు వచ్చింది. ఆ దగ్గు మారిపోయింది మిల్యాన్, తడిగా అయింది. కానీ దగ్గయ్యాక గొంతు సవరించుకునే తీరు మారలేదు.

"ఆ బదులు చెప్పడం నాకు రాదు గానీ, నమస్కారం తల్లీ" అన్నాడు.

"నమస్కారమండీ. ఏం కావాలి?" అన్నాను. ద్వారం దగ్గర మేము మాట్లాడే గొంతు ఒకటుంటుంది, చదునుగా. ఆ గొంతుతోనే అన్నాను.

"మీ దగ్గర తోర్రెసెకా పిల్ల ఒకర్తె ఉండాలి."

"ఉన్నారు."

"ఒళ్ళు బాగుందా?"

"బాగుందండీ."

"వైన్ తాగనిస్తారా మీకు?"

"పండగలకి సగం గ్లాసు."

"సగమే" అన్నాడు. "ఇది కొత్తది, ఇంకా తేరలేదు. తొంభై అయిదేళ్ళ మోళ్ళది. కదపకుండా నిలబెట్టి ఉంచమని చెప్పండి ఆ పిల్లకి."

"ఇంకేమైనా చెప్పమంటారా?"

నేనే అడిగాను ఆ మాట. "రమ్మను" అంటాడని అడిగాను. ఆ ఒక్క మాట ఆయన అంటే నేను తలుపు తెరిచి పరుగెత్తేదాన్ని. నా చెయ్యి పెట్టె మీద ఉంది. అటువైపు ఆయన చెయ్యీ ఉంది, చెక్క బరువుని బట్టి తెలుస్తుంది. ఇద్దరం పట్టుకోవడం వల్ల అది తిరగడం లేదు.

"లేదులెండి" అన్నాడు. చెయ్యి తీశాడు. పెట్టె నా వైపు తిరిగింది. సీసా ఉంది.

"నాన్నా" అనలేదు నేను. నియమం అడ్డు రాలేదు. మదర్ గారు తర్వాత అన్నారు, అంటే ఏమయ్యేది పిచ్చిదానా, అని. నియమం కాదు. ముందు ఆయన అడగాలని నిలబడ్డాను. నాకూ నోరుంది, నాన్న పెట్టిందే.

సీసా వంటగదిలో నిలబెట్టే ఉంది. తెరవలేదు.

ఒక్కటి చెప్పు తమ్ముడూ. అది నేనని నాన్నకి తెలియలేదు కదా? చెవి మందగించిందని నువ్వు ఎప్పుడో రాసినట్టు గుర్తు. ఎవరో సిస్టర్ అనుకుని ఉంటాడు. తెలిసి కూడా వెనక్కి తిరిగాడంటే, నేను అక్కడ నిలబడి ఉన్నానని తెలిసి, నేను నోరు విప్పలేదని తెలిసి పోయాడంటే, నేను దాంతో బతకలేను. తెలియలేదని చెప్పు.

ఒరోసియా


(పంపనిది)
తోర్రెసెకా,
నవంబరు 23

అక్కా,

దారంతా మాట్లాడలేదని పోయిన ఉత్తరంలో రాశాను. అది అబద్ధం. ముందు నువ్వు చెప్తావేమోనని ఆగాను.

కారెక్కి తలుపు వేసుకోగానే "అదేరా" అన్నాడు. "'ఉన్నారు' అన్నప్పుడే తెలిసింది. గొంతు చదును చేసుకుంది గానీ, ఊపిరి తీసుకోవడం దాచలేకపోయింది. చిన్నప్పుడు తప్పు చేస్తే అలాగే పీల్చేది."

మరి పిలవలేదేం అన్నాను.

"'నాన్నా' అంటుందేమోనని చూశాన్రా. ఇంకేమైనా చెప్పమంటారా అంది. అప్పుడంటుందనుకున్నా. నేను దాని కోసం ఆగా, అది నా కోసం ఆగింది. పెట్టెని ఇద్దరం పట్టుకున్నాం." బోర్హా ఊరు దాటేదాకా ఏడ్చాడు. నాన్న ఏడుపు ఎలా ఉంటుందో నాకు తెలీదు, అమ్మ పోయినప్పుడు నేను చిన్నవాణ్ణి. కారు ఆపనా అన్నాను. ఆపకు అన్నాడు. ఇంటి దగ్గర దిగుతూ, "వైన్ ఇంకో పదిహేను రోజుల్లో తేరుతుంది. అప్పుడు మళ్ళీ వెళ్దాం. ఈసారి నేనే అంటా" అన్నాడు. గురువారం కూడా తేదీ అడిగాడు. శుక్రవారం పొద్దున మాట పోయింది. శనివారం నా చెయ్యి పట్టుకుని ద్వారం వైపు చూపించాడు, మళ్ళీ మళ్ళీ. కారు తియ్యమని.

శుక్రవారం నేను నీకు టెలిగ్రాం ఇచ్చి ఉండొచ్చు, "నాన్న రమ్మన్నాడు" అని. నోటితో అనలేదు కదా అని ఆగాను. అమ్మ మీద ఒట్టు కదా అని ఆగాను. జన్మంతా అల్లుతూ బతికినవాణ్ణి, అల్లాల్సిన ఒక్క రోజున నిజాయితీగా కూచున్నాను.


తోర్రెసెకా,
నవంబరు 24

మహా గౌరవనీయులు సిస్టర్ బెనితా గారికి,

మదర్ గారు ఇదీ చదవకపోతే ఆవిడకి నా నమస్కారాలు నువ్వే అందజెయ్యి. చదివితే, మదర్, అక్కకి ఈ పూట సగం కాకుండా నిండు గ్లాసు పోయించండి.

నాన్నకి తెలియలేదక్కా. తెలిస్తే నాకు చెప్పకుండా ఉండేవాడా? దారంతా మాట్లాడలేదని మర్యాదకి రాశాను. నిజానికి దారంతా సణిగాడు. "లోపల ఎవరో ముసలి సిస్టర్ రా, అరవై దాటి ఉంటాయి, ముక్కుతో మాట్లాడుతోంది" అన్నాడు. ఎడమ చెవి ఎప్పుడో పోయింది, కుడి చెవికి మాత్రం ఆ గోడ అవతలి గొంతు ఏం ఆనుతుంది. నీ గొంతుని అరవై ఏళ్ళ ముక్కు గొంతన్నందుకు అలగాలనుంటే అలుగు, నాన్న తరఫున క్షమాపణ నేను చెప్తున్నాను. వైన్ తేరాక మళ్ళీ వచ్చి, ఆ ముసలావిణ్ణి పక్కకి తప్పుకోమని, నిన్నే పిలిపిస్తానన్నాడు. కాలం కలిసిరాలేదు. అందులో నీ తప్పు ఏముంది, నాన్న తప్పు ఏముంది.

ఇప్పుడు సీసా తెరువు. గర్నాచా ఎక్కువకాలం ఆగే రకం కాదు, గాలి సోకితే రంగు వదిలేస్తుంది. అడుగున మడ్డి ఉంటుంది, చివరి గ్లాసు మెల్లగా వంచు.

నాన్నకి ఒక్కటే బెంగ. "ఆ ముసలి సిస్టర్ మన పిల్లకి ఇస్తుందంటావా, తనే తాగేస్తుందంటావా?" అని ఇల్లు చేరేదాకా అడుగుతూనే ఉన్నాడు. నువ్వు తాగి, అందిందని ఒక్క ముక్క రాయి. స్మశానానికి వెళ్ళి చదివి వినిపిస్తాను.

మిల్యాన్